ఆవలరేవు ముక్కులమ్మకు పసుపు ఎందుకు పూయరు

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలవబోయే ముందు, ఇక తొందర దేనికన్నట్టు, మడ అడవుల మధ్య వెడల్పుగా పరుచుకుంటుంది. ఆ పాయకు ఉత్తరపు గట్టున ఉన్న పల్లె ఆవలరేవు. ఊరికి ఎదురుగా దక్షిణపు గట్టున శ్రీ ముక్కులమ్మ తల్లి కొలువై ఉంది. రేవులో పడవ ఎక్కితే, పడవవాడు ఒక బీడీ కాల్చేలోపు అవతలికి చేరతామని పెద్దలు చెప్పేవారు. పడవలో బీడీ కాల్చరాదని కమిటీవారు బోర్డు పెట్టారు గనుక ఆ కొలత ఇప్పుడు పనికిరాదు.

దిగగానే గోపురం కోసం వెతకవద్దు. గోపురం లేదు, గర్భగుడి లేదు. సముద్రపు గాలిని తట్టుకునేలా ఏదైనా కడదామని దాతలు ముందుకు వచ్చినా ఊరు ఒప్పుకోలేదు. ఉన్నవల్లా పక్కపక్కన నిలబడిన రెండు తెల్ల మడ చెట్లు, వాటి ముందు ఒక నల్లరాయి, నడవడానికి చెక్కవంతెన. చెట్ల చుట్టూ బురదలోంచి జానెడేసి ఎత్తున పుల్లలు నిలువుగా పొడుచుకుని ఉంటాయి. ఎవరో వేలకొద్దీ పెన్సిళ్ళు తెచ్చి గుచ్చినట్టుంటుంది. అవే అమ్మవారి ముక్కులు. రెండు చెట్లలో సముద్రం వైపున్నది అమ్మవారు. ఊరివైపున్నది ఆమె చెల్లెలు.

అన్ని ఊళ్ళలో అమ్మవారి చెట్టుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, దారాలు చుడతారు. ఇక్కడ అది పెద్ద తప్పు. రేవులో కొబ్బరికాయల కొట్టువాడిని పసుపు పొట్లం అడిగితే, "అమ్మకు పడదండి, ఊపిరాడదు" అంటాడు. కొత్తవారు నవ్వుతారు. కానీ ఆ మాట వెనుక ఒక ఊరు ఊరంతా లేచిపోబోయిన కథ ఉంది.

పూర్వం ఇక్కడ, ఆవలరేవుకు పెద్దగా లోవరాజు అనే ఆయన ఉండేవాడు. ఆయన భార్య సూరాలు. ఆమె పుట్టిన పల్లె సముద్రపు ఒడ్డునే ఉండేది. దానికీ సముద్రానికీ మధ్య ఒక్క చెట్టు లేదు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు వచ్చిన ఉప్పెనలో ఆ పల్లె మొత్తం కొట్టుకుపోయింది. తాటిమట్టలకు చిక్కుకుని బతికిన పిల్ల సూరాలు. పెళ్ళయి ఆవలరేవు వచ్చిన ఏడాదే తుఫాను పట్టింది. పొయ్యి పక్కన మోకాళ్ళు ముడుచుకుని వణుకుతున్న కోడలిని చూసి అత్తగారు నవ్వింది. "అన్నం తినవే పిచ్చిదానా. ఆ గాలి మన గడప దాకా రాదు. తూర్పున అంత మడ ఉంది, చెట్లు ఆపేస్తాయి" అంది. నిజంగానే రాలేదు. ఆనాటి నుంచి సూరాలుకు ఆ చెట్లంటే పుట్టింటివారి మీద ఉన్నంత ప్రేమ. పొయ్యిలోకి ఎండి రాలిన కొమ్మలే గాని, పచ్చి చెట్టు మీద ఊళ్ళో ఎవరూ కత్తి పెట్టేవారు కారు.

ఇంత జాగ్రత్త గల ఊరే పొరపాటు చేసింది. సూరాలు కూతురు బుల్లెమ్మ గుల్లలు ఏరడానికి బురదలో దిగి, ఆ పుల్లల్లో విరిగి ఎండిన దాని మీద కాలు వేసింది. పాదంలో దిగబడి, చీము పట్టి, పిల్ల బతకడమే గగనమైంది. బతికింది. కానీ సూరాలు ఊరుకోలేదు. పంచాయితీలో లేచి నిలబడింది.

"చెట్లను ముట్టుకోమనడం లేదు. ఆ ముళ్ళు దేనికి? కాళ్ళలో దిగుతున్నాయి, వలలు చింపుతున్నాయి. ఎన్నాళ్ళని ఓర్చుకుంటాం?"

సబబుగానే తోచింది. పడవ లాగడానికీ చేపలు ఆరబెట్టడానికీ కూడా నేల చదునుగా ఉంటుందనుకున్నారు. ఎండాకాలంలో ఆడా మగా కలిసి కొడవళ్ళు పట్టి తూర్పు మడ కింద పుల్లలన్నీ కోసేశారు. పెరడు ఊడ్చినట్టు శుభ్రమైంది. పిల్లలు అందులో పరుగులు తీశారు.

తొలకరి వచ్చేసరికి ఆకులు పసుపుబారాయి. శ్రావణానికి కొమ్మలు బోడివయ్యాయి. కొన్ని చెట్లు నిలువునా ఎండిపోయాయి.

ఊరివాళ్ళకు మొదట గేదెల కాపరి గంగులు మీద అనుమానం వచ్చింది. పై ఊరివాడు, నోరు ఊరుకోదు, అతని గేదెలు మడ ఆకు తింటాయి. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మందను తోలుకుని దక్షిణపు గట్టుకు పొమ్మన్నారు.

"పోతాను బావా, పోక చస్తానా" అన్నాడు గంగులు లోవరాజుతో. "కానీ చెట్టును నిలువునా ఎండబెట్టే గేదె ఉంటే నాకొకటి చూపించు. దాన్ని రాజుగారికి అమ్ముకుంటాను."

గేదెలు వెళ్ళిపోయాయి. చెట్లు ఎండుతూనే ఉన్నాయి. ఊరికి నీడ పోయిందనీ, ఆశ్వయుజంలో తుఫాన్లు మొదలుకాక ముందే పిల్లాజెల్లాతో ఎగువకు వెళ్ళిపోదామనీ పంచాయితీ తీర్మానించింది. దసరా ముందరి అమావాస్యకు పడవలు కదలాలి. సూరాలుకు నోట ముద్ద దిగలేదు. సముద్రం ఒక ఊరు పట్టుకుపోయింది. రెండో ఊరు ఆమె చేతులారా పోతోంది.

ఒక మధ్యాహ్నం ఆమె గంగులుకు గంజి పట్టుకుని పాయ దాటింది. అక్కడ చూసిన దానికి కుండ దించడం మరిచిపోయింది. గేదెలు ఉన్న గట్టు పచ్చగా కళకళలాడుతోంది. గేదెలు లేని ఊరిగట్టు ఎండుతోంది.

"గేదెలు కాదు" అంది.

"నేనూ అదే మొత్తుకున్నానక్కా. కాపరి మాట గేదెలే వినవు, మీరు వింటారా?" అన్నాడు గంగులు, గంజి అందుకుంటూ.

గేదెలు కాకపోతే మరేమిటి? రెండు గట్లకూ అదే నీరు, అదే ఎండ. ఆలోచించి అలసిపోయి, రెండు మడ చెట్ల నీడన కట్టిన పడవలో ఒరిగింది. పోటు నీరు మెల్లగా ఎక్కుతోంది. కునుకు పట్టింది. కలలో ఒక ముసలావిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒళ్ళంతా బురద. ఏమీ అనకుండా సూరాలు ముక్కు రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుంది. సూరాలు గింజుకుంది. అప్పుడు ఆవిడ, "ఎలా ఉందే?" అని మాత్రం అడిగి వదిలేసింది.

సూరాలు ఎగశ్వాసతో లేచి కూర్చుంది. కళ్ళ ముందు, నీటిలో మునగబోతున్న పుల్లల కొనలు. వంగి ఒకదాన్ని తడిమింది. ముల్లులా గట్టిగా లేదు, మెత్తగా ఉంది. ఒంటినిండా నువ్వుగింజలంత బొడిపెలు. ఆమె తన ముక్కు తడుముకుంది, మళ్ళీ పుల్లను తడిమింది.

అమ్మ చెప్పింది ఆ ఒక్క మాటే. మిగిలినది సూరాలు తానే చూసి తెలుసుకోవలసి వచ్చింది. కలలో వచ్చింది అమ్మవారా, సూరాలు మనసేనా అని వాదించే చదువుకున్నవారు ఇప్పుడూ పడవలో తగులుతుంటారు. పడవ అటు ఒరిగినా ఇటు ఒరిగినా రేవు ఒకటే గనుక ఊరివారు ఆ వాదంలోకి దిగరు.

లోవరాజు నమ్మలేదు. "చెట్టుకు ముక్కేంటే? ఆ గట్టు మన్ను వేరు, అందుకే పచ్చగా ఉంది" అన్నాడు.

సూరాలుకు కోపం వచ్చింది గాని, మాట తీసిపారేయదగ్గది కాదనిపించింది. మన్ను వేరు కాని చోట చూపించాలి. ఆ రెండు చెట్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకే వయసు, ఒకే బురద, ఒకే పోటు. వాటిలో సముద్రం వైపు చెట్టు పుల్లలన్నింటికీ కొన దాకా జిగురుమన్ను మెత్తింది. రెండోదాన్ని అలాగే వదిలింది. నీరు ఎక్కినప్పుడు మన్ను కరిగిపోయేది. నీరు తీసి పాటు రాగానే మళ్ళీ వెళ్ళి మెత్తేది. మెత్తిన ప్రతిసారీ చెట్టు ముందు నిలబడి, "ఓర్చుకోవే తల్లీ, ఊరి కోసం" అని, తన ముక్కు తానే మూసుకుని ఓపినంతసేపు ఉండేది. చెట్టు ఊపిరి బిగబడితే తాను హాయిగా ఊపిరి తీసుకోవడం ఆమెకు బాగుండలేదు.

"అక్కా, చెట్టు సంగతేమో గాని నువ్వు పడిపోయేలా ఉన్నావు" అనేవాడు గంగులు. అంటూనే బుట్టతో మన్ను మోసేవాడు.

భాద్రపదం సగం గడిచేసరికి మన్ను మెత్తిన చెట్టు పసుపుబారింది. పక్కది పచ్చగా ఉంది. సూరాలు ఊరంతటినీ పిలుచుకొచ్చి చూపించింది. అందరూ లోవరాజు వైపు చూశారు.

"ఏ చెట్టైనా ఎప్పుడో ఒకప్పుడు వాడుద్ది" అన్నాడాయన.

"సరే మావా. ఇప్పుడు నీ ఎదుటే ఈ మన్ను కడిగేస్తాను. అమావాస్య లోపల ఇది చిగురిస్తే మనం ఉంటాం. చిగురించకపోతే మొదటి పడవలో మొదటి మూట నాదే."

అందరూ చూస్తుండగా ఒక్కొక్క పుల్లనూ చంటిపిల్ల ముక్కు తుడిచినట్టు కడిగింది. ఇక చేయగలిగింది ఏమీ లేదు. ఎదురుచూడడమే మిగిలింది. రోజూ పాయ దాటి చూసి వచ్చేది. రాలే ఆకులు రాలుతూనే ఉన్నాయి. ఊళ్ళో మూటలు కడుతున్నారు, వలలు చుడుతున్నారు. చెట్టును అనవసరంగా హింసించానేమోనన్న బాధ ఒకవైపు, ఊరు పోతుందన్న దిగులు ఒకవైపు ఆమెను తినేశాయి.

అమావాస్య ఉదయం పడవలు నిండాయి. లోవరాజు కూడా తెడ్డు పట్టుకున్నాడు. అప్పుడు అవతలి గట్టు మీద నుంచి గంగులు తలపాగా విప్పి గిరగిరా తిప్పుతూ కేకలు పెట్టాడు. ఏమంటున్నాడో గాలికి తెలియలేదు. సూరాలు మాత్రం పడవలోని మూటలు నీళ్ళలో పడుతున్నా లెక్కచేయక పడవను అటు తోసుకుపోయింది. లోవరాజు, వెనుక ఊరు ఊరంతా ఆమె వెంట వెళ్ళారు.

బోడికొమ్మ చివర బియ్యపుగింజంత పచ్చన. పక్క కొమ్మకు ఇంకొకటి. వెతికిన కొద్దీ కనబడుతున్నాయి. సూరాలు ఇన్నాళ్ళుగా గుండెలో బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలింది. "హమ్మయ్య!" అంది. బురదలోనే చతికిలబడి ఏడ్చింది, నవ్వింది.

లోవరాజు చిగురును చూశాడు, పుల్లల్ని చూశాడు. అందరి ముందూ తన ముక్కు తాను మూసుకున్నాడు. కళ్ళు ఎర్రబడేదాకా ఉండి వదిలి, "దీన్నా మనం కొడవలితో కోసింది!" అన్నాడు. ఆ తరువాత గంగులు వైపు తిరిగి, "మందను తోలుకొచ్చేయరా" అన్నాడు.

"ముందు రాజుగారికి అమ్మిన గేదెను విడిపించుకురావాలి బావా" అన్నాడు గంగులు. ఊరంతా నవ్వింది. ఎన్ని నెలల తరువాతో ఆ ఊళ్ళో నవ్వు వినబడింది.

ఆ సంబరంలో ఆడవాళ్ళు పడవల్లోని మూటల్లోంచి పసుపు తీసి గిన్నెల నిండా కలిపి తెచ్చారు. పుల్లలకు పూయబోతుంటే సూరాలు చేతులు చాచి అడ్డం పడింది. "ఆగండే అమ్మా, ఆగండి! ఇప్పుడే కదే ఊపిరి పీల్చుకుంటోంది!" ఆ పసుపు చెట్టు ముందున్న నల్లరాయికి పూశారు. నేటికీ పసుపు ఆ రాయికే.

మూటలు విప్పారు. తూర్పు మడలో సగం చెట్లు పోయాయి. మిగిలిన సగానికి మళ్ళీ పుల్లలు లేచాయి. అవతలి గట్టున ఆ వానకాలంలో రాలిన విత్తనాలు నీటిలో తేలివచ్చి ఖాళీల్లో నాటుకున్నాయి. తేలిరానివాటిని పిల్లలు ఏరితెచ్చి గుచ్చారు. ఆ కార్తీకంలో తుఫాను వచ్చింది. నీరు ఊరి మొదటి గడప దాకా వచ్చి, ఆగి, వెనక్కి తీసింది. ఆ గడప సూరాలుదేనని కొందరు, కాదని కొందరు అంటారు. ఆవలరేవులో సగం ఇళ్ళవారు అది తమ గడపేనని చెప్పుకుంటారు.

బడిపిల్లల పుస్తకాల్లో ఈ ముక్కులకు శ్వాస వేళ్ళని పేరు. మామూలు నేలలో మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది, వేళ్ళు దానితో బతుకుతాయి. మడ బురదలో ఆ సందులన్నీ నీటితో నిండి ఉంటాయి. అందుకే తెల్ల మడ వేరు కిందికి పోవడంతో ఊరుకోక పైకి కూడా లేస్తుంది. సూరాలు చేతికి తగిలిన నువ్వుగింజల బొడిపెల్లోంచి గాలి లోపలికి పోతుంది. అవి మూసుకుపోతే చెట్టుకు ఊపిరి సలపదు.

ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఇక్కడ జాతర. పున్నమినాటి పోటు ఎంత పెద్దదో పాటు కూడా అంత పెద్దది గనుక, మధ్యాహ్నానికి నీరు బాగా తీసి ముక్కులన్నీ బయటపడతాయి. చుట్టుపక్కల బడుల నుంచి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు అమ్మానాన్నలతో వస్తారు. ముందు ముక్కులను విడిపించే సేవ. సూరాలు కాలంలో అడ్డుపడింది మన్ను. ఈ కాలంలో పాల కవర్లు, చిప్స్ సంచులు, తెగిన నైలాను వలముక్కలు. పోటుతో వచ్చి పుల్లలకు చుట్టుకుంటాయి. పిల్లలు చెక్కవంతెన మీద బోర్లా పడుకుని, ఒక్క పుల్లయినా విరగకుండా వాటిని తీస్తారు. పెద్దలు సంచులు పడతారు. సంచి నిండాక తండ్రులు కొందరు అందులోకి చూసి, తమ ఇంట్లో వాడే కవరే కనబడి, గబగబా మూతి కడతారు.

ఆ తరువాత మొక్కు. తల్లీబిడ్డలు, తండ్రీబిడ్డలు ఎదురెదురుగా నిలబడి ముక్కు మూసుకుంటారు. కొత్తకోడళ్ళు ముక్కుపుడక తీసి కొంగున ముడివేసుకుంటారు. నోటితో గాలి పీల్చి దొంగాట ఆడేవారిని పిల్లలే పట్టిస్తారు. ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, వృద్ధులు మూసుకోనక్కర లేదు. అమ్మకు వారి నమస్కారం చాలు, మందు మాత్రం డాక్టరు దగ్గరే పుచ్చుకోవాలి. ఎవరూ మొండితనానికి పోకూడదు. ఇక చాలనిపించగానే వదలాలి. ఆ చాలు అనిపించడమే ఇక్కడి దర్శనం.

ఈ అమ్మకు వేరే మంత్రం లేదు. గంట కూడా లేదు. అవతలి రేవులో పడవలవాళ్ళు చెవులు రిక్కించి కూర్చుని ఉంటారు. కాసేపు గట్టంతా నిశ్శబ్దంగా ఉంటుంది. తరువాత అన్ని గొంతులూ కలిసి పాయ మీదుగా "హమ్మయ్య!" అని వినబడుతుంది. పూజ అయిందని తెలిసి, వాళ్ళు లేచి లంగర్లు ఎత్తుతారు.