తిందాం రా, తమ్ముడూ

అనగా అనగా, ఎండకంటే రాజు మాటే ఎక్కువ కాల్చే ఒక రాజ్యం. ఆ రాజ్యంలో గురప్ప అనే గానుగవాడు. వాడికున్న ఆస్తల్లా బొల్లిగాడనే ఎద్దు. కళ్లకు గంతలు కట్టుకుని బొల్లిగాడు గానుగ చుట్టూ తిరిగేవాడు. నువ్వులు నలిగి నూనె కారేది. ఆ నూనెతో కోటలో వెయ్యి దీపాలు వెలిగేవి. గురప్ప గుడిసెలో ఒక్కటీ వెలిగేది కాదు.

పొద్దు నడినెత్తికొస్తే గురప్ప, "తిందాం రా, తమ్ముడూ" అనేవాడు. ఆ మాటకే బొల్లిగాడు నిలబడేవాడు. ఉన్న గంజి ఇద్దరూ పంచుకునేవారు.

ఒకనాడు ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు రాకుమారి మందారవల్లిని ఎత్తుకుపోయాడు. పెద్ద రాకుమారుడు వెళ్లి రాయయ్యాడు. నడిమివాడు వెళ్లి రాయయ్యాడు. చిన్నవాడూ వెళ్లి రాయయ్యాడు. కొడుకులు అయిపోయాక రాజుకు ప్రజలు గుర్తొచ్చారు. ఇంటికొకడు పోవాలని చాటింపు వేయించాడు. తొలి వంతు గురప్పది.

గురప్ప ఎద్దు కాడి విప్పాడు. "నేను తిరిగి రాను. అడవిలోకి పోయి బతుకు, తమ్ముడూ."

"గానుగ చుట్టూ మనం నడిచిన దూరం ఏడు సముద్రాలకు సరిపోతుందన్నా" అంది ఎద్దు. "ఇన్నాళ్లూ గుండ్రంగా నడిచాం. ఇప్పుడు తిన్నగా నడుద్దాం. తోక పట్టుకో."

"నీకు మాటలొచ్చా? ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"గంజి తాగుతావా అనే కదా అడిగేవాడివి. తలూపితే సరిపోయేది."

ఈది ఈది, ఏడు సముద్రాలూ దాటారు. ఒడ్డున ఒక కాకి చెప్పింది: "కోట నత్తగుల్లలా లోపలికి చుట్లు తిరుగుతుంది. గోడలనిండా గిరగిర తిరిగే అద్దాలు. చూసినవాడికి కళ్లు తిరుగుతాయి. పడ్డవాడూ, నడక ఆపినవాడూ రాయవుతారు. నడిమధ్య పంజరంలో చిలుక. మాంత్రికుడి ప్రాణం అందులోనే."

"కళ్లు తిరగకూడదనే కదన్నా నువ్వు నాకు గంతలు కట్టేది" అన్నాడు బొల్లిగాడు. గురప్ప తలపాగా రెండుగా చింపి ఇద్దరికీ గంతలు కట్టాడు.

మొదటి చుట్టులో సింహం గర్జించింది. బొల్లిగాడు నడిచాడు. రెండో చుట్టులో నువ్వుల తెలగపిండి వాసన ఘుమఘుమలాడింది. బొల్లిగాడు గుటక వేసి నడిచాడు. మూడో చుట్టులో అచ్చం గురప్ప గొంతే వినిపించింది. "ఆగరా, ఎద్దా."

నోరు తెరవకుండానే తన గొంతు వినపడేసరికి గురప్ప ఎద్దు తోక గట్టిగా పట్టుకున్నాడు. ఎద్దు ఆగితే ఇద్దరూ రాళ్లే.

బొల్లిగాడు నవ్వాడు. "గొంతు దొంగిలించావు గాని మాట దొరకలేదు, మాంత్రికా. మా అన్న నన్నెన్నడూ ఆగమనలేదు. తిందాం రమ్మన్నాడు."

నడిమధ్యన చిలుక కూత వినిపించిన చోట కొమ్ముతో ఒక్క పోటు. పంజరం విరిగింది. గురప్ప చిలుకను తడిమి పట్టుకుని ఆకాశంలోకి వదిలేశాడు. బందీ చేసిన ప్రాణం స్వేచ్ఛ పొందగానే మాంత్రికుడు పొగైపోయాడు. రాళ్లన్నీ మనుషులయ్యాయి.

మందారవల్లి చెరలోంచి బయటికొచ్చి నవ్వింది. "ఎద్దు తోక పట్టుకొచ్చిన వీరుణ్ణి ఇదే చూడటం."

"తోక వదిలితే వీరుడు మిగలడమ్మా" అన్నాడు గురప్ప.

ఆ మాటకే ఆమె వాణ్ణి వరించింది. రాజ్యానికి తిరిగొచ్చాక అన్నలు ముగ్గురూ సింహాసనం వాళ్లకే వదిలారు. ఎవరి చెమట నూనె అవుతుందో వాళ్ల గుడిసెలోనే తొలి దీపం వెలగాలన్నది కొత్త శాసనం. పాత రాజుకు గానుగ తోసే పని దొరికింది.

మొదటిరోజు పొద్దు నడినెత్తికొచ్చింది. పాత రాజు కాళ్లు తడబడ్డాయి. కొరడా పడుతుందేమోనని వెనక్కి చూశాడు. ఎదురుగా గంజి ముంతతో గురప్ప, పక్కనే బొల్లిగాడు.

"తిందాం రా, మామా."