ఓబుళేసు బండి కదిలే తీరు

శ్రీకంఠయ్య మాస్టారికి అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. గుంతకల్లు రైల్వే బడిలో సైన్సు చెప్పినన్నాళ్ళూ ఆ అలవాటుతో పిల్లల్ని ఏడిపించారు. రిటైరయ్యాక, ఆదివారాలు ఆయన మేడ మీదికి బొమ్మ రైళ్ళ విద్య నేర్చుకోవడానికి పోయే మాలాంటి నడివయసు శిష్యుల్ని ఏడిపిస్తున్నారు. బొమ్మ రైళ్ళంటే తిరణాలలో అమ్మేవి కావు. అసలు ఇంజను కొలతలు తీసి జానెడు పొడవుకు కుదించి, పట్టాలు, స్టేషన్లు, సిగ్నళ్ళతో సహా బల్ల మీద కట్టుకునేవి. ఆ పిచ్చి పట్టినవాడికి ఇంకో పిచ్చికి తీరిక ఉండదు.

మాలో ధనుంజయ కొత్త శిష్యుడు. బ్యాంకులో ఆఫీసరు. ఏ వస్తువు కొన్నా పదిమందిని అడిగి, పదకొండోవాడు చెప్పినది కొనే రకం. ఒక ఆదివారం అతను మాస్టారిని అడిగాడు.

"బండ్లు నడిపే డిజిటల్ కంట్రోలు పెట్టె కొనాలనుకుంటాండా సార్. ఊరికే మారుస్తా కూర్చునేది నాతో కాదు. నా తర్వాత కూడా నడవాల. ఏది కొంటే శానాకాలం మన్నుతుంది?"

అప్పటికి అతని ఇంట్లో ఒక్క పట్టా అయినా పరిచి ఉంటే ఒట్టు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేను నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను. మాస్టారు మాత్రం నవ్వలేదు. లేచి చెప్పులు వేసుకుంటూ, "ఓబుళేసు ఇంటికి పోదాం రాండప్పా. ఆయప్ప ఎప్పుడో కొన్న పెట్టె ఇంకా ఉంది, చూద్దురు" అన్నారు.

ఓబుళేసు మీటర్ గేజీ రోజుల్లో ప్యాసింజరు బండి డ్రైవరు. ఆ లైను తీసేశాక తన బండినీ, అది రోజూ ఆగే చిన్న హాల్టునూ ఇంటి ముందుగదిలో బల్ల మీద కట్టుకున్నాడు. ఆ బండిని చూడటానికి పొరుగూళ్ళ నుంచి కూడా మనుషులు వచ్చేవారు. ఈ మధ్య పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. మేము పోయేసరికి బల్లకు ఆనించి మంచం వేసి ఉంది. ఆయన తల దిండు మీద పట్టాల వైపు తిప్పి పడుకొని ఉన్నాడు. అంత మనిషి అంత చిన్నగా అయిపోయాడు.

ఆయన భార్య నాగరత్నమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "మీరన్నా ఒక్కసారి నడిపించండి నాయనా. పొద్దస్తమానం దాని తట్టే చూస్తాంటాడు. నాకు స్విచ్చి వేసేది మటుకే తెల్సు. దీపం వెలుగుతుంది, బండి కదల్దు" అంది.

కదలకపోవడానికి కారణముంది. ఈ డిజిటల్ పద్ధతిలో ప్రతి ఇంజను కడుపులోనూ గోరంత చిప్పు ఉంటుంది. దానికొక నంబరు పెట్టుకుంటాం. ఆ నంబరుతో పిలిస్తేనే ఇంజను పలుకుతుంది. ఎలా బయలుదేరాలి, ఎంత మెల్లగా ఆగాలి, ఏ గొంతుతో కూత పెట్టాలి, ఇవన్నీ కూడా ఒక్కొక్కటిగా ఆ చిప్పుకు నేర్పుతాం. ఓబుళేసు ఏ నంబరు పెట్టుకున్నాడో ఓబుళేసుకే తెలుసు. ఆయనకా మాట లేదు.

ధనుంజయ కంట్రోలు పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. తోచిన నంబర్లు నాలుగు నొక్కి చూశాడు. ఇంజను ఉలకలేదు, పలకలేదు.

"రీసెట్ చేసేస్తే సరి సార్. కంపెనీ నంబరుకు వచ్చేస్తుంది, దెబ్బకు నడుస్తుంది" అన్నాడు.

"ఆగప్పా. ఆయప్పను అడుగుదాం" అన్నారు మాస్టారు.

"అడిగితే చెప్పలేడు గదా సార్!"

ఆ మాట మంచం మీది మనిషికి వినపడుతుందని కూడా అతనికి తోచలేదు. నిజానికి కాస్త ఓపిక పడితే, పక్కన విడిగా ఒక పట్టా ముక్క మీద ఇంజను పెట్టి నంబరును చిప్పులోంచే చదువుకోవచ్చు. ధనుంజయకు అది తెలియక కాదు. రోగి ముందర, ఆ ఇల్లాలి ముందర బండి నడిపించి శభాష్ అనిపించుకోవాలన్న తహతహలో ఓపిక ఎక్కడిది?

మంచం మీంచి ఓబుళేసు ఎడమచెయ్యి లేచింది. గాలిలో అటూ ఇటూ ఆడింది. ధనుంజయ దాన్ని చూసి నవ్వి, "అయిపోయింది పెద్దాయనా, ఒక్క నిమిషం" అన్నాడు.

"వద్దంటాండాడేమో నాయనా!" అంది నాగరత్నమ్మ.

మాస్టారు చెయ్యి చాపి పెట్టె అందుకునేలోపలే అతను రీసెట్ నొక్కేసి, కంపెనీ నంబరుతో ఇంజనును పిలిచాడు.

బండి నడిచింది. నడవడమంటే, ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఒక్క ఉదుటున ఎగిరి పరుగు తీసింది. కీచుమని ఏదో కూత కూసింది. ఏ దేశపు ఇంజను కూతో మరి. మీటర్ గేజీ బండిది మాత్రం కాదు. "చూసినారా సార్! ఇన్నేండ్లయినా పెట్టె ఎంత బాగా పనిచేస్తాందో! నేను గూడా ఇదే కొంటా" అని ధనుంజయ మావైపు తిరిగాడు.

నాగరత్నమ్మ బండినే చూస్తూ మెల్లగా చెప్పింది.

"ఇది మా ఆయన బండి కాదు నాయనా. ఆ హాల్టులో ప్లాట్‌ఫారం లేదు. ఆడోళ్ళు గంపలు నెత్తిన పెట్టుకోని ఎక్కేటోళ్ళు. వాళ్ళు కాలు లోపల పెట్టేదంకా బండి కదిలిందో లేదో తెలిసేది కాదు, అంత మెల్లగా ఎత్తేవాడు. ఈ బొమ్మకు గూడా అట్లే నేర్పించల్లని ఎన్నేండ్లు కూర్చున్యాడో! నన్ను వంటింట్లో నించి పిల్చి, 'కదిలిందా?' అని అడుగుతాండె. 'ఇంకా లేదు' అంటాంటి. అప్పటికే కదిలి ఉంటాండె."

ధనుంజయ ముఖంలో నెత్తురు చుక్క లేదు. రీసెట్‌తో నంబరొక్కటే పోదు, నేర్పినదంతా పోతుందని అప్పుడు గుర్తుకొచ్చింది పాపం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పెట్టె మీద ఏవేవో మీటలు నొక్కాడు. బండి ఇంకా కుదుపుతూ తిరుగుతూనే ఉంది.

ఓబుళేసు కళ్ళు మొదటి చుట్టు దాని వెంట తిరిగాయి. రెండో చుట్టుకు హాల్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన కష్టం మీద తల అటు తిప్పి, గోడవైపు పెట్టుకున్నాడు. దిండు తడిసింది.

"బాగా నడిపించినావులే నాయనా. ఇంక ఆపేయ్" అంది నాగరత్నమ్మ. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. ఆమె తానే స్విచ్చి ఆపి, మంచం పక్కన కూర్చొని మొగుడి తడిసిన చెంప కొంగుతో తుడిచింది. మాస్టారు ఓబుళేసు ఎడమచెయ్యి పట్టుకొని చాలాసేపు నిలబడ్డారు. ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదు.

బయటికి వచ్చాం. రైల్వే క్వార్టర్ల మధ్య ఎండ మండిపోతోంది. ధనుంజయ సందు మలుపు దాకా తల ఎత్తలేదు. అక్కడ నిలబడిపోయి, చిన్నపిల్లవాడిలా వెక్కుతూ అడిగాడు.

"ఆయప్ప సిస్టం చెడగొట్టినానా సార్?"

మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"చెడింది ఏమీ లేదప్పా. అంగట్లో నించి తెచ్చిన రోజు ఎట్లుండెనో, ఇప్పుడు సరిగ్గా అట్లే ఉంది."