కుదరదు అనే మూల

“పెద్దల మాటకు ఎదురు చెప్పకపోవడమే కదమ్మా శిష్యుడి లక్షణం?” అని ఏకాంబరం అడిగాడు. అడిగిన తీరులో భక్తికన్నా ఏడుపే ఎక్కువ వినిపించింది. హైమవతమ్మగారు వత్తులు చేసుకుంటున్నారు. ఆ గురువమ్మకు సూటిగా జవాబు చెప్పే అలవాటు బొత్తిగా లేదు. “ఎవరేమన్నారు?” అన్నారు.

ఇంకెవరు, ఆశ్రమం ధర్మకర్త గజేంద్రరావుగారు! తత్వాలు పాడే ముసలివాళ్ళను ఊరూరా వెతికి, అమ్మగారు వాళ్ళ గొంతులు రికార్డు చేయించి ఆశ్రమం కంప్యూటర్లో దాచారు. పాడినవాళ్ళంతా కాలం చేశారు. ఆ పాటలకు మరో నకలు లేదు. కంప్యూటరు చూసుకునే ఏకాంబరమా, నోట్లో నాలుక లేనివాడు. ధర్మకర్తగారు తన షష్టిపూర్తి వీడియో తెచ్చినా, మనవడి పంచెకట్టు వేడుక తెచ్చినా, “అలాగేనండీ” అని ఆ కంప్యూటరు డిస్కులోనే ఎక్కించేవాడు. చోటు తరిగిపోతోందని నసిగితే, “ఫైళ్ళను నొక్కి చిన్నవి చేసే పద్ధతి ఉందటగా, రెట్టింపు పడుతుంది” అన్నారాయన. దానికీ అలాగేనండీ! వీడియోలు ముందే నొక్కి చేసినవి. పిండిన నిమ్మకాయను మళ్ళీ పిండితే ఏం వస్తుంది? ఇంకా చోటుందని చూపిస్తూ చూపిస్తూనే డిస్కు ఆ ఉదయం మొరాయించింది. “ఆ ముసలాళ్ళ ఏడుపులు తీసిపారెయ్. సాయంత్రం మా ఊరేగింపు ఎక్కించాలి” అని ధర్మకర్తగారు హుకుం జారీ చేసి వెళ్ళారు.

“డిస్కు నిండుకుందమ్మా” అన్నాడు ఏకాంబరం.

అమ్మగారు వత్తులు పక్కన పెట్టి లేచారు. “పాటల జోలికి పోకు. ఆ పంచెకట్టు తీసెయ్, చూద్దాం.”

తీసెయ్యబోయాడు. చోటు లేదు అంది తెర. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే మాట. ఏకాంబరానికి చెమటలు పట్టాయి. “ఇదేం విడ్డూరమమ్మా! తీసెయ్యడానికి కూడా చోటు కావాలట. ఏది తీశామో రాసుకోవడానికైనా దానికి కాస్త ఖాళీ ఉండాలట!”

“అడిగినవాటికల్లా సరే అన్నదిగా పాపం” అన్నారు అమ్మగారు. “ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. మనవాళ్ళు ఊరికే అనలేదురా.”

అప్పుడు గుర్తొచ్చింది ఏకాంబరానికి. డిస్కు పెట్టిన కొత్తలో అమ్మగారు పట్టుబట్టి, ఓ మూల కాస్త చోటు ఎవరికీ అందకుండా విడిగా కట్టించి, దానికి ‘కుదరదు’ అని పేరు పెట్టించారు. పెద్దావిడ చాదస్తమని అప్పట్లో నవ్వుకున్నాడు. ఇప్పుడు ఆ కట్టు విప్పాడు. డిస్కుకు ఊపిరాడింది. పాటలు పదిలంగానే ఉన్నాయా అని ఒకటి తెరిస్తే, పళ్ళులేని గొంతొకటి గదంతా వినబడేలా పాడింది. అది వింటూ వింటూ అతనికి ఏడుపు పోయి ఒళ్ళు మండింది.

సాయంత్రం ధర్మకర్తగారు రానే వచ్చారు. “తీసేశావా?”

“తీసేశానండీ. మీ షష్టిపూర్తీ, మీ మనవడి పంచెకట్టూ.”

“ఒరేయ్! ఎవణ్ణి అడిగి?”

“వాటికి మీ ఇంట్లో నకళ్ళున్నాయి. ఈ పాటలకు లేవు.”

“నోరు లేస్తోందే! ఆ పాటలు తీసి నావి మళ్ళీ ఎక్కించు.”

పుట్టి బుద్ధెరిగాక ఏకాంబరం ఆ మాట పైకి అనడం అదే మొదలు. “కుదరదండీ.”

ధర్మకర్తగారి మొహం కందగడ్డ అయింది. “రేపట్నుంచి వీడికిక్కడ మెతుకు పుట్టదు. మీరైనా చెప్పండమ్మా వీడికి!” అని అమ్మగారివైపు తిరిగారు. ఏకాంబరం కంప్యూటరు ముందునుంచి కదలలేదు.

అమ్మగారు చెప్పారు. “ఏకాంబరం, ఆ మూల మళ్ళీ కట్టెయ్యి. పేరు మాత్రం మార్చకు.”