పొట్లపాదు కొన

కేశవులుకు ఆ ఉదయం ఏ పనీ సాగలేదు. సుంకమ్మను ఆశ్రమం నుంచి పంపేయాలని మనసులో తేల్చుకున్నాడు. ఆ మాట గురువు చెవిన వేయడమే మిగిలింది.

ఎర్రమల కొండల కింద నల్లప్ప స్వామి ఆశ్రమానికి కట్టుబాట్లన్నీ పెట్టింది పెద్ద శిష్యుడు కేశవులే. స్వామి ఏనాడూ ఒక్కటీ పెట్టలేదు. మొదట్లో రెండో మూడో ఉండేవి. కోడి కూయగానే లేవాలి, ఎవరి గుడ్డలు వాళ్ళు ఉతుక్కోవాలి, అంతే. తర్వాత ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరాయి. చెప్పులు ఎక్కడ విడవాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్నవి అయిపోయి, నవ్వొస్తే ఎంతసేపు నవ్వాలి అనేదాకా వచ్చింది. అందరూ సరేనన్నారు. సుంకమ్మ కూడా సరేననే అంది. కానీ ఆమె కాళ్ళు ఆ మాట వినలేదు.

సుంకమ్మ నడివయసు మనిషి. వెనకా ముందూ ఎవరూ లేరు. కొత్తది ఏది కనబడినా అదేందో చూసి రావాల్సిందే. నిన్న గాడిదల మీద రోళ్ళు వేసుకుని అమ్ముకునేవాళ్ళు దారిన పోతుంటే, వాళ్ళతో మాట్లాడుకుంటూ వాళ్ళ వెంటే వెళ్ళిపోయింది. ఆశ్రమంలో ఎవరూ అన్నం ముట్టలేదు. కొండంతా వెతికారు. ముసలి ఓబులమ్మ వాగు దగ్గర జారిపడి మోకాలు చీరుకుంది. పొద్దు వాలేటప్పుడు సుంకమ్మ నవ్వుకుంటూ తిరిగొచ్చింది.

"అడక్కుండా గేటు దాటొద్దని ఎన్నిమార్లు చెప్పినా నీకు?" అన్నాడు కేశవులు.

"అడిగితే వద్దంటావు గదన్నా. అందుకే అడగలే."

ఎవరో కిసుక్కున నవ్వారు. కేశవులు ముఖం ఎర్రబడింది. కానీ ఓబులమ్మ మోకాలు చూశాక సుంకమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. పసుపు నూరి తెచ్చి, ఆమె కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇవాళ ఉదయం స్వామి పెరట్లో పొట్లపందిరి కింద ఉన్నాడు. కేశవులు వెళ్ళి నిలబడ్డాడు.

"సామీ, మధ్యాన్నం అన్నాల వేళకు సుంకమ్మ ఈడ ఉండకూడదు. ఒకరిని వదిలేస్తే రేపు అందరూ అంతే."

"పోయేదానికి చోటుందా ఆ మనిషికి?"

"లేదు సామీ. ఉంటే నాకింత బాధ ఎందుకు?"

స్వామి తల ఊపాడు. "సరేప్పా. ముందు ఈ పిందెల సంగతి చూడు. వంకర తిరుగుతాండాయి."

పొట్లకాయ పిందెగా ఉన్నప్పుడే దాని కొనకు చిన్న రాయి కట్టాలి. కట్టకపోతే పాములా చుట్టలు చుట్టుకుని కూర్చుంటుంది. రాయి మరీ బరువైతే పిందె తెగి కింద పడుతుంది. మరీ తేలికైతే పిందె దాన్ని లెక్కే చేయదు. ఆ బరువు కేశవులు చేతికి తెలుసు. స్వామి రాళ్ళు ఏరి ఇస్తుంటే అతను అరటినారతో ఒక్కొక్కటే కట్టుకుంటూ పోయాడు. పిందెలన్నీ బుద్ధిగా నిటారుగా వేలాడాయి.

"చూసినారా సామీ? మనిషైనా ఇంతే."

"ఇంతేనప్పా" అన్నాడు స్వామి.

కేశవులు గుండె మీద బరువు దిగిపోయింది. గురువు తన పక్కనే ఉన్నాడు.

స్వామి ఇంకో రాయి తీసి అతని అరచేతిలో పెట్టాడు. "ఇంకొకటి మిగిలింది. అదో, ఆ తీగ కొన. పందిరి దాటి పోతాంది. దానికీ కట్టు."

కేశవులు నవ్వాడు. స్వామి నవ్వలేదు.

"తీగ కొనకు రాయేంది సామీ? తెగిపోతాది."

"చిన్నది కట్టు."

"ఎంత చిన్నదైనా వంగిపోతాది. కొన ముందుకు పోకుంటే ఇంక కాయ యాడ కాస్తాది?"

స్వామి చేతులు దులుపుకున్నాడు. "రాయి నీ చేతిలో ఉంది. తీగ నీ ముందర ఉంది. నాకు ఆకలైతాంది, పోతాండా." వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

కేశవులు అక్కడే నిలబడ్డాడు. కట్టడానికి చేయి రాలేదు, పారేయడానికీ రాలేదు. పందిరి అంచు దాటి జానెడు తీగ గాలిలో ఉంది. దాని చివర వెంట్రుకలాంటి నులితీగ. దగ్గరలో కొమ్మ లేదు, గోడ లేదు. మరి దేనికోసం అంత చేయి చాపినట్టు? ఇన్నేళ్ళుగా పాదు పెడుతున్నాడు, కాయల్నే చూశాడు తప్ప కొనను ఏనాడూ చూడలేదు.

అతని మాట అప్పటికే వంటింటి దాకా పోయింది. సుంకమ్మ మూట చంకన పెట్టుకుని పెరటి దారిన వచ్చింది. వీధి వైపు నుంచి పోతే నలుగురూ చూస్తారని.

"పోతాండానన్నా" అంది.

కేశవులు కొన వైపే చూస్తున్నాడు. ఆమె రెండడుగులు వేసి ఆగింది.

"ఏం చూస్తాండావు?"

"ఇది యాడికి పోతుందో అని."

"ఆడ ఏమీ లేదు గదా?"

"అదే చూస్తాండా."

సుంకమ్మకు ఇంక కాలు కదల్లేదు. మూట కింద పెట్టి, వచ్చి పక్కన నిలబడింది. ఇద్దరూ తల ఎత్తి చూశారు. గాలి లేదు. అయినా కొన కొంచెం కదిలింది.

"అన్నా, కదిలింది!"

"అరవద్దు. చూడు."

కేశవులు అడిగాడు, "ఓబులమ్మ మోకాలు ఎట్లుంది?"

"వాపు తగ్గలే. పసుపు మార్చాల. ఎవరికైనా చెప్పు."

"ఇంకోసారి గేటు దాటేటప్పుడు నన్ను అడగొద్దులే" అన్నాడు అతను, చూపు తిప్పకుండా. "ఆ ముసలామెకు చెప్పి పోయి రా. యాడికైనా సరే."

సుంకమ్మ అతని ముఖంలోకి చూసింది. కింద పెట్టిన మూటను పందిరి గుంజ పక్కకు జరిపింది.

కేశవులు వచ్చి శ్లోకం చెబితే గానీ పంక్తిలో ఎవరూ ముద్ద ఎత్తరు. వంటింట్లోంచి ఓబులమ్మ కేక పెట్టింది.

"కేశవా! అన్నం చల్లారిపోతాంది. వస్తాండావా?"

"వస్తాండాం" అన్నాడు కేశవులు.

లోపల ఇంకో కంచం పెట్టిన చప్పుడైంది.