సెల్లారులో ప్లగ్గు

నిజాంపేటలోని ఒక అపార్టుమెంటులో దామోదరం అనే ఉద్యోగి ఉండేవాడు. మంచివాడే గానీ, ఏదైనా ఊరికే వస్తుందంటే చాలు, అది ఎవరి జేబులోంచి వస్తుందో ఆలోచించేవాడు కాదు.

ఫ్లాటు కోసం తీసుకున్న అప్పు వాయిదాలకే అతని జీతంలో సగం పోయేది. అందుకని పొదుపు మొదలుపెట్టాడు. అది తప్పు కాదు. పెట్రోలు కారు అమ్మేసి ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. అదీ తప్పు కాదు. "రోడ్డు ట్యాక్సు లేదు, పెట్రోలు బంకు మొహం చూడక్కర్లేదు. మీరింకా ఆ పొగ బళ్లే తోలుతున్నారా?" అని లిఫ్టులో కనబడ్డవాళ్లనల్లా ఆటపట్టించేవాడు. సరే, కొత్త కారు కొన్నవాడికి ఆ మాత్రం ఉబలాటం ఉంటుంది.

అసలు తప్పు సెల్లారులో జరిగింది. కారు ఛార్జింగుకు తన ఫ్లాటు మీటరు నుంచి కిందికి లైను వేయించుకోవాలంటే ఖర్చు. కారు పెట్టుకునే మూల, స్తంభం వెనక, మోటారు రిపేర్ల కోసం పెట్టిన ప్లగ్గు ఒకటుంది. దాని బిల్లు అందరూ కలిసి కట్టేది. "లైను వేయించేదాకా నాలుగు రోజులు వాడుకుంటే ఎవరి కొంప మునుగుతుంది?" అనుకున్నాడు. ఆ నాలుగు రోజులు నెలలయ్యాయి. లైను ఎప్పుడో వేయించుకున్నాడనే అందరూ అనుకున్నారు.

అదే సెల్లారులో చిన్న గదిలో బాలమణి, ఆమె కూతురు ఉండేవాళ్లు. బాలమణి అపార్టుమెంటు వాళ్ల బట్టలు ఇస్త్రీ చేసేది. మొదట్లో బొగ్గుల పెట్టెతోనే చేసేది. కార్ల మీద నుసి పడుతోందని అసోసియేషన్ వాళ్లే కరెంటు పెట్టె వాడుకోమన్నారు. గదికి అద్దె లేదు, బదులుగా మెట్లన్నీ ఊడ్చేది. ఆ చుట్టుపక్కల బయట ఒక్క గది తీసుకోవాలన్నా ఆమె సంపాదనంతా అద్దెకే పోతుంది. కూతురి కాలేజీ ఆ వీధి చివరే. ఆ గది ఉంటేనే ఆ పిల్ల చదువు.

అందరూ కలిసి కట్టే కరెంటు బిల్లు పెరిగిపోయింది. సెల్లారులోనే మీటింగు పెట్టారు. "సెల్లారులో ఇంత కరెంటు ఎవరు కాలుస్తున్నారు?" అని అధ్యక్షురాలు విమలగారు అడిగారు. ఇంకెవరు? అందరి చూపూ ఇస్త్రీ బల్ల మీదికి పోయింది.

"గది ఇచ్చినందుకు ఇదా?" అన్నారొకరు.

"లోపల హీటరు కూడా పెట్టుకునే ఉంటుంది," అన్నారింకొకరు.

"పోయినేడు ఎట్ల వాడిన్నో ఇప్పుడూ అట్లనే వాడుతున్న మేడం," అంది బాలమణి. ఆ మాట అని, ఒక్కసారి దామోదరం వైపు చూసింది.

దామోదరం చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. అంతలో లిఫ్టులో తను కొట్టిన గొప్పలన్నీ గుర్తొచ్చాయి. "ముందు ఆ ఇస్త్రీ ఆపించి చూడండి," అన్నాడు. చూశారా, నోరు మూసుకున్నా సగం పాపంతో పోయేది.

ఇస్త్రీ బల్ల వెంటనే బయటికి తీసెయ్యమన్నారు. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమన్నారు. బాలమణి గేటు బయట బల్ల వేసుకుని, అటక మీది బొగ్గుల పెట్టె మళ్లీ దింపుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. కారు గుర్తొచ్చి దామోదరం సెల్లారులోకి పరుగెత్తాడు. రోడ్డు మీది నీళ్లన్నీ లోపలికి వస్తున్నాయి. ప్లగ్గులో కారు ఛార్జింగు వైరు లేదు. ఎవరో దాన్ని తీసి, చక్కగా చుట్టి, స్తంభానికున్న మేకుకు తగిలించారు. పక్కనే బాలమణి నిలువెల్లా తడిసి నిలబడి ఉంది. ఆమె గదిలో సగం సర్దిన ట్రంకు పెట్టె, దాని మీద ప్లాస్టిక్ కవరులో పొడిగా దామోదరం చొక్కాలు.

"నీళ్లొస్తున్నయని ముందుగాల్నే వైరు తీసి పైన పెట్టిన సారూ. ఎవరికన్న షాక్ కొడ్తది," అంది.

అతనికి తల కొట్టేసినట్టయింది.

"ఇది నీకు ఎప్పటినుంచి తెలుసు?" అని మెల్లగా అడిగాడు.

"ఈడనే ఉంటగద సారూ. రోజూ చూస్తనే ఉన్న."

"మరి మీటింగులో చెప్పలేదేం?"

బాలమణి తడిసిన కొంగు పిండుకుంటూ, "మీరే చెప్తరనుకున్న సారూ," అంది.

తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు. లోపలికి వెళ్లి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

వాన తగ్గగానే దామోదరం విమలగారింటికి వెళ్లి అందర్నీ పిలిపించాడు. "ఆ కరెంటు కాల్చింది నేను. ఆమె మీదికి నెట్టిందీ నేనే," అన్నాడు. హీటరు అన్నాయన తల దించుకున్నాడు. దామోదరం భార్య మొగుడి మొహం చూడలేక తమ ఫ్లాటుకు వెళ్లిపోయింది.

బాలమణి గది బాలమణికే ఉంది, ఇస్త్రీ బల్ల కూడా మళ్లీ సెల్లారులోకి వచ్చింది. దామోదరం తన మీటరు నుంచి లైను వేయించుకున్నాడు. బట్టలు ఇప్పుడు తనే కిందికి తీసుకెళ్తాడు. ఆమె మునుపటిలాగే "ఇయ్యండి సారూ" అని అందుకుంటుంది, ఇంకేమీ అనదు. అతనికి మాత్రం ఆ బల్ల ముందు తలెత్తి నిలబడటం ఇప్పటికీ చాతకాదు.

మన తప్పు ఇంకొకరి మీద పడుతుంటే చూస్తూ ఊరుకోవడం, ఆ తప్పు చేయడం కంటే పెద్ద తప్పు. అందుకే మన తప్పును మన నోటితో మనమే, అడిగినప్పుడే ఒప్పుకోవాలి.