చెరసాలలో వంశస్తోత్రం

పూర్వం కొండల నడుమ ఒక చిన్న రాజ్యాన్ని మార్తాండభూపతి ఏలుతుండేవాడు. తనది సూర్యవంశమనీ, తన కళ్ళకు దివిటీతో పనిలేదనీ ఆయనకు మహా గర్వం. ఎంత చీకట్లోకి వెళ్ళినా ముందు దీపం పట్టనిచ్చేవాడు కాడు.

ఒకసారి ఆయన నేలమాళిగలోని చెరసాల చూడబోయాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలోంచి దిగి, గుమ్మంలో క్షణం నిలబడి వెనుదిరిగాడు. లోపల పురుగు కూడా లేదనీ, తన ఏలుబడిలో ఖైదీలే లేరనీ కొలువులో ప్రకటించాడు. సభంతా జేజేలు పలికింది.

ఆస్థాన విదూషకుడు తిప్పన మాత్రం గొంతు కలపలేదు. ఆ మాళిగ పక్కగా నడుస్తూ లోపలి దగ్గులు విన్నవాడు అతను.

"మనుషులున్నారు ప్రభూ. తమరికి కనబడలేదు, అంతే," అన్నాడు.

"నా కంటికి కనబడనిది లేనట్టే," అన్నాడు రాజు.

తిప్పన ఒప్పుకోలేదు. రాజు మండిపడి అతణ్ణి అదే చెరలో వేయించాడు.

మర్నాడు మధ్యాహ్నం, ఈపాటికి బుద్ధి వచ్చి ఉంటుందని రాజే లోపలికి దిగాడు. ఆయనకు అంతా కాటుక చీకటి. తిప్పనకు మాత్రం గోడ బెజ్జంలోంచి వచ్చే కాస్త వెలుగులోనే రాజు తలపాగా, చెవిపోగులు కనిపిస్తున్నాయి. రాజు ముందు నోరెత్తితే కొరడా దెబ్బలు తప్పవని చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు.  తిప్పన గొంతులో వినయం తెచ్చుకున్నాడు.

"క్షమాపణ పద్యాల్లో చెప్పుకుంటాను. ముందు తమ వంశస్తోత్రం. కాస్త కూర్చోండి."

పొగడ్త అనేసరికి రాజు చతికిలబడ్డాడు. తిప్పన తాతను పొగిడాడు, ముత్తాతను పొగిడాడు, వాళ్ళ ఏనుగులను కూడా వదల్లేదు. ఒక్కో పాదం సాగదీసి సాగదీసి చదివాడు. రాజు తల ఊపుతూ వింటుండగా ఆయనకు ముందు గోడలో బెజ్జం కనబడింది. తర్వాత తిప్పన గడ్డం. ఆ వెనక మోకాళ్ళు, ముఖాలు, తననే చూస్తున్న కళ్ళు.

వాళ్ళలో గుర్రపుశాల మల్లడు ఉన్నాడు. రాజు గుర్రం మీంచి జారిపడినప్పుడు నవ్వినందుకు చెరలో పడ్డవాడు. రాజు అతణ్ణి ఏనాడో మరిచిపోయాడు.

"దివిటీ ఎవరు తెచ్చారు?" అన్నాడు రాజు మెల్లగా.

"ఎవరూ తేలేదు ప్రభూ. సన్నటి వెలుగును పట్టే శక్తి ఒకటి కంటిలో ఉంటుంది. ఎండలో అది నిద్రపోతుంది. చీకట్లో కాసేపు ఓపిక పడితే నెమ్మదిగా మేలుకుంటుంది. పిల్లికైనా, మల్లడికైనా, సూర్యవంశానికైనా అంతే."

రాజు ఆ ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. చివరికి, "మరి నాకు చెప్తానన్న క్షమాపణ ఏదీ?" అన్నాడు.

"అది నేను కట్టలేదు, కట్టను కూడా. తమరిని ఇంతసేపు కూర్చోబెట్టడానికే అంతమంది తాతలు కావలసివచ్చారు."

 రాజు పగలబడి నవ్వాడు. తన ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేసి, అందరినీ ఆ క్షణమే బయటికి తీసుకుపొమ్మని భటులను కేకేశాడు.

తిప్పన అడ్డుపడ్డాడు. ఇన్నాళ్ళు చీకట్లో ఉన్న కళ్ళు ఎండకు ఓర్చలేవనీ, పొద్దు వాలాక తీసుకెళ్ళమనీ అన్నాడు. అందాకా తమరూ ఇక్కడే ఉండవచ్చని రాజుతో కూడా అన్నాడు.

రాజు లేవలేదు. మల్లడు కొంచెం జరిగి, గోడకు ఆనుకోవడానికి ఆయనకు చోటిచ్చాడు.