నూకరత్నం కంచం

సుగుణమ్మ టీచరు ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పేది కాదు, పని చెప్పేది. "పిల్లలకి గుణకారం ఎందుకు ఎక్కడం లేదు మేడం?" అంటే, "ఆ చింతపిక్కలు కాస్త వరసలు పేర్చి రా" అనేది. పని పూర్తయ్యేసరికి జవాబైనా దొరికేది, లేదంటే అడిగిన ప్రశ్నే తప్పని తేలేది. ఆవిడ ఆ ఊరి ఎలిమెంటరీ స్కూలుకి హెడ్మిస్ట్రెస్సు. కొత్తగా ఉద్యోగంలో చేరిన హైమకి పై అధికారీ ఆవిడే, గురువూ ఆవిడే.

కరోనా వచ్చిన ఏడు హైమ అడిగిన ప్రశ్న ఇది: "తలుపు తియ్యని ఇంటికి సాయం ఎలా చెయ్యాలి మేడం?"

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. హైమ చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాదు. బళ్లు మూసెయ్యగానే 'మన బడి కుటుంబం' అని ఫోనులో గ్రూపు పెట్టింది. బళ్లో చేర్చినప్పుడు ఇచ్చిన నెంబర్లన్నీ తండ్రులవే, ఆ నెంబర్లే ఎక్కించింది. కార్తీక్ నాన్న, భవ్య నాన్న, లాస్య నాన్న. పాఠం పంపితే నాన్నలు దణ్ణం బొమ్మ పెట్టేవారు. పిల్లలు సరిగ్గా తింటున్నారా అని అడిగితే మిరియాల కషాయం వీడియో పంపేవారు. ఇంట్లో ఏం ఉడుకుతోందో, ఏం ఉడకడం లేదో తెలిసిన మనిషి ఒక్కతీ ఆ కుటుంబంలో లేదు. కుటుంబాలన్నీ అలాగే ఏడుస్తాయి కాబట్టి హైమకి అది తప్పుగా తోచలేదు.

మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు పంచమన్నారు. హైమ ఒళ్లు దాచుకోకుండా పంచింది. పంచుతూ, సంచి అందుకుంటున్న ప్రతి తల్లినీ ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. అలా పెడితే పని నిక్కచ్చిగా జరిగినట్టని హైమ నమ్మకం.

అంతలో మూడో తరగతి లాస్య వాళ్ల నాన్న సింహాద్రి మద్రాసులో కట్టుబడి పని వదిలి ఇంటికొచ్చాడు. దగ్గుతో వచ్చాడు. అంబులెన్సు వచ్చి అతన్ని పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ఇంటికున్న ఒక్క ఫోనూ అతని జేబులోనే పోయింది. ఆ సంగతి తెలియక హైమ, "లాస్యా, పదమూడో ఎక్కం చెప్పి పంపమ్మా" అని రోజూ పొద్దున్నే పంపుతూనే ఉంది. మూతికి ఆక్సిజన్ పెట్టుకున్న మనిషికి పదమూడో ఎక్కం.

అంబులెన్సు ఊరు దాటగానే వీధివాళ్లు లాస్య ఇంటి ముందు ముళ్లకంప అడ్డం పడేశారు. తెలిసిన మర్నాడే హైమ బియ్యం సంచి మోసుకుంటూ వెళ్లింది.

"లాస్య అమ్మా! నేను, టీచర్ని. బియ్యం తెచ్చాను."

లోపలి నుంచి గొంతు మాత్రం వచ్చింది. "మాకేటొద్దు టీచరమ్మా."

"ఊరికే ఇస్తున్నది కాదమ్మా, ఇది మీ హక్కు."

"హక్కయితే మాత్రం? ఈదంతా సోద్యం సూస్తంది. ఇంక మీ పోటోలు కూడానా? ఎల్లండమ్మా."

మళ్లీ వెళ్లింది. ఈసారి ఆ గొంతు కూడా రాలేదు. నవ్వితే సందు చివరికి వినపడే లాస్య గొంతూ వినపడలేదు. మూసిన ఆ తలుపు వెనక తల్లీ కూతుళ్లు ఎలా ఉన్నారో, అసలు లేస్తున్నారో లేదో హైమకి తెలియలేదు. బడికి పరుగెత్తుకొచ్చి ఆ ప్రశ్న అడిగింది.

సుగుణమ్మ బడి తోటలో బెండమొక్కలకి నీళ్లు పోస్తోంది. మూతికి పాత చీర చెంగుతో కుట్టుకున్న మాస్కు.

"వంటింటి వసారాలో పిల్లల కంచాలున్నాయి. తోముకురా" అంది.

"మేడం, నేనడిగింది..."

"విన్నాను. బూడిద పొయ్యి పక్కనే ఉంది."

హైమకి ఒళ్లు మండింది. అక్కడ ఒక ఇల్లు ఏమైపోయిందో తెలియడం లేదు, ఇక్కడ అంట్లు! అయినా వెళ్లింది. ఆ కంచాలు బళ్లు మూసిన రోజున అక్కడే ఉండిపోయినవి. పిల్లలు ఇంటి నుంచి రోజూ తెచ్చుకుంటే దారిలో స్టీరింగు చేసి తిప్పుతున్నారు, డప్పు చేసి వాయిస్తున్నారు అని సుగుణమ్మే వాటిని బళ్లో ఉంచెయ్యమంది. బల్లి గుడ్లు, సాలెగూళ్లు దులిపి హైమ కసి కొద్దీ తోమింది. బూడిద పోయి స్టీలు మెరిసేసరికి, అంచుల మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు తేలాయి.

"మరడాన అప్పలనరసమ్మ. ఎవరు మేడం ఈవిడ?"

"నీ గ్రూపులో కార్తీక్ నాన్న ఉన్నాడే, ఆయన భార్య."

"పొట్నూరు గౌరీశ్వరి?"

"భవ్య వాళ్లమ్మ."

"ఇదేంటి, 'శుభాకాంక్షలతో బెవర సత్యంనాయుడు' అని ఉంది?"

"అది ఎవరి పెళ్లిలోనో చదివించిన కంచంలే. మగవాడు కంచమిస్తే ఇచ్చినట్టు దాని మీదే రాయించుకుంటాడు."

హైమ నవ్వింది. నవ్వుతూనే మిగతావి తిప్పి చూసింది. ఆ ఒక్కటీ తప్ప అన్నీ ఆడవాళ్ల పేర్లే. కాపురానికి పంపేటప్పుడు కన్నవాళ్లు సారెలో పెట్టిన కంచాలవి. అత్తింటి గిన్నెల్లో కలిసిపోకుండా పేరు కొట్టించి పంపుతారు. గిన్నె కలిసిపోకూడదు, పిల్ల మాత్రం కలిసిపోవాలి. ఇల్లు మామగారి పేర, పొలం మొగుడి పేర, పిల్లలు వాళ్ల ఇంటి పేర. ఆమె పేర ఉన్నది ఈ కంచం ఒక్కటే. అందులో తినేదీ ఆమె కాదు.

అడుగున ఉన్న చిన్న కంచాన్ని హైమ చాలాసేపు పట్టుకుంది. దాని అంచు మీద 'నూకరత్నం, గరివిడి' అని పేరూ, పుట్టింటి ఊరూ ఉన్నాయి. రోజూ అందులో అన్నం తినేది లాస్య.

"ఇళ్లకిచ్చేసి వద్దాం పద" అంది సుగుణమ్మ. "బోర్లించి పట్టుకుంటావేమిటి? అన్నం పెట్టే బడి నుంచి ఉత్త కంచం పంపుతామా?" ఒక్కో కంచంలో గుప్పెడు బెండకాయలు, ఉడికించిన సెనగలు, ఒక బెల్లం ముక్క పెట్టించింది.

మొదటి గుమ్మం దగ్గర హైమ అలవాటు కొద్దీ "కార్తీక్..." అనబోయి ఆగి, "అప్పలనరసమ్మగారూ!" అని పిలిచింది.

అరుగు మీది ముసలమ్మ కళ్లు చిట్లించింది. "ఎవులమ్మా ఆ అప్పలనరసమ్మ? మా ఈదిలో ఆ పేరోలు నేరు."

"నేనే అత్తా!" అంటూ లోపలి నుంచి ఒకావిడ తడి చేతులతో పరుగున వచ్చింది. "నీ కోడల్ని. పదేళ్లయి నీకు కూడొండి పెడతన్నాను!"

వీధి వీధంతా నవ్వింది. కరోనా వచ్చాక ఆ వీధి నవ్వడం అదే మొదలు. తర్వాతి ఇళ్లలో పిలవకముందే గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు, తమ పేరు ఎలా వినపడుతుందో చూద్దామన్నట్టు.

ముళ్లకంప దగ్గరికి వచ్చేసరికి హైమ చిన్న కంచం పైకి తీసింది. సుగుణమ్మ వెనకే ఆగిపోయింది.

"నూకరత్నం!" అంది హైమ. "నీ కంచం మా దగ్గర ఉండిపోయింది. తెచ్చాను."

చాలాసేపటికి లోపలి నుంచి, "ఎవులిదీ?" అని వినపడింది.

"నీదే. నూకరత్నం, గరివిడి అని ఉంది దీని మీద."

గడియ తీసిన చప్పుడయింది. తలుపు సందులో పెదాలు పగిలిన ఒక మొహం కనపడింది. "మాయమ్మ కొట్టించింది" అందామె. ఎవరో అడిగినట్టే చెప్పింది. "కొట్టుకాడ నిలబడి దగ్గరుండి కొట్టించింది."

ఆమె చెయ్యి కింద నుంచి లాస్య తల దూర్చింది. "టీచర్! నా కంచం!"

"నీదేటే? నాది!" అంది తల్లి. ఆ తెగింపుకి తనే నవ్వింది. హైమకి ప్రాణం లేచొచ్చింది. కంప మీదుగా కంచం అరుగు మీద పెట్టి, దూరం జరిగి నిలబడింది. లాస్య బెల్లం బుగ్గన పెట్టుకుంది.

"ఏం కావాలి నూకరత్నం? బియ్యం ఉన్నాయా?"

"బియ్యమున్నాయి టీచరమ్మా. వొండుకోడానికే..." ఆమె వీధి చివరి కుళాయి వైపు చూసింది. "బిందె ఎట్టనీడం నేదు. పెరట్లో ఎండిపోయిన నుయ్యుంది. అడుగుని బురద తేర్చుకు తాగుతన్నాం."

బియ్యం సంచితో ఆ గుమ్మంలో నిలబడి హక్కుల గురించి చెప్పింది హైమ. నీళ్ల మాట మాత్రం అడగలేదు, ఫోటోలో నీళ్లు పడవు కదా. గ్రూపులో పెడదామని ఫోను తీసింది. ఎవరు చదువుతారో గుర్తొచ్చి లోపల పెట్టేసింది. వచ్చిన దారినే వెనక్కి నడిచి, ఒక్కో గుమ్మం ముందూ ఆగింది.

"అప్పలనరసమ్మా, నూకరత్నం వాళ్లకి తాగడానికి నీళ్లు లేవట."

"నూకరత్నమా? ఆవిడెవులు?"

"లాస్య వాళ్లమ్మ."

"ఓలమ్మ! ఆ పిల్ల పేరు నూకరత్నమా!" బిందె అప్పుడే చంకనెక్కింది.

అడ్డం పడ్డవాళ్లు లేకపోలేదు. "రోగం వీధంతా తెస్తారా?" అని కార్తీక్ నాన్న అరిచాడు. "బిందె ఆ కంప కాడ ఎట్టి వొచ్చేస్తాను. నీకంత బయమైతే నీళ్లు తాగడం మానెయ్" అంది అప్పలనరసమ్మ. పొద్దు వాలేసరికి కంప పక్కన బిందెలు వరసకట్టాయి. ఆ వారంలోనే కంపను కూడా ఎవరో పక్కకి లాగేశారు. ఎవరని అడిగితే ఏ ఆడదీ చెప్పలేదు.

సింహాద్రి కోలుకుంటున్నాడని కబురొచ్చిన పొద్దున, హైమ బడి తాళం తీయడానికి వస్తే గోడ మీద గుడ్డ కప్పి ఆ చిన్న కంచం ఉంది. ఆమె మొహం వాడిపోయింది. కంచం పట్టుకుని సుగుణమ్మ దగ్గరికి వెళ్లింది.

"మనం ఇచ్చింది తిప్పి పంపేసింది మేడం. ఇంకా కోపం పోలేదు."

"కళ్లజోడు నాకా నీకా?" అంది సుగుణమ్మ. "ఖాళీగా ఉందా అది?"

హైమ గుడ్డ తీసింది. కంచం నిండా మునగాకు. లేత రెమ్మలు, మంచు తడి ఆరనివి. బిందెడు నీళ్లకి మొహం వాచిన మనిషి పెరట్లో మిగిలి ఉన్న ఒకే ఒక్క చెట్టుది.

హైమ కంచాన్ని సుగుణమ్మ ముందు దించింది. తర్వాత నెమ్మదిగా, "ఆ రోజు నేనడిగిన దానికి మీరింకా జవాబు చెప్పలేదు" అంది.

సుగుణమ్మ చేట ముందుకు జరిపి చోటు చూపించింది. "కూర్చుని ఆకు దుయ్యి. కంచం ఖాళీ అయితే మళ్లీ నింపి పంపాలి."